కూత లేని బొమ్మ

మా తమ్ముడి కాలు పోయిన ఎండాకాలంలోనే నా చేతికి ఎన్నడూ రానంత అందమైన బొమ్మ వచ్చింది. రెండూ ఒకే మధ్యాహ్నం, ఒకే శబ్దంతో జరిగాయి. ఈ మాట చెబితే కొందరు "అయ్యో, ఏం విచిత్రమో" అంటారు. వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. అందులో విచిత్రం ఏమీ లేదు.

మేం ఓడలు విరగ్గొట్టే యార్డు పక్కన కాపురం ఉండేవాళ్ళం. కాలం చెల్లిన ఓడల్ని సముద్రం పోటు చూసుకుని ఒడ్డుకి తోలి, బురదలో ఇరికించి, వానలు పడి సముద్రం రెచ్చిపోయేలోగా ముక్కలు చేసేస్తారు. అందుకని ఎండాకాలమంతా మోతే మోత. మా తమ్ముడు అక్కడ గ్యాస్ మంటతో ఇనుము కోసేవాడు. మా ఆయన కాలేజీలో శబ్దం మీద పరిశోధన చేసేవాడు. నేను బొమ్మలు వేసేదాన్ని. అమ్మ పోయినప్పటి నుంచి తమ్ముడు మాతోనే ఉండేవాడు. గ్యాస్ కోసేవాళ్ళు ఇద్దరిద్దరుగా పనిచేస్తారు, ఒకడు మంట పడితే ఇంకొకడు గొట్టాలు చూసుకుంటాడు. తమ్ముడి జోడీని అందరూ పొట్టోడు అనేవాళ్ళు. పెళ్ళాం పుట్టింటికి పోయినప్పుడల్లా అతను కూడా మా ఇంట్లోనే తినేవాడు.

మా ఆయనా నేనూ కలిసి చేసే పని ఏమిటంటే, ఆ మోతని బొమ్మగా మార్చడం. ఆయన ఓడ డొక్కకి మైకులు అతికించేవాడు. గాలిలో వచ్చే శబ్దం కాదు, ఇనుము లోపల పరిగెత్తే శబ్దం కావాలి ఆయనకి. అది తీగ వెంట యార్డు అంచున మాకిచ్చిన రేకుల షెడ్డులోకి వచ్చేది. అక్కడ ఒక ఇనప పలకని నడిమధ్యలో బోల్టుతో బిగించి, కింద దాన్ని వణికించే యంత్రం పెట్టాం. పలక మీద నేను సన్నటి ఇసుక జల్లేదాన్ని. శబ్దం రాగానే పలక వణికేది. ఇసుక ఎగిరెగిరి, వణుకున్న చోటు నుంచి పారిపోయి, వణకని చోట చేరి గీతలు కట్టేది. దాని మీద జిగురు రాసిన కాగితం పరిచి, అరచేత్తో అద్ది, మెల్లగా ఎత్తేదాన్ని. ఇసుకంతా కాగితానికి వచ్చేసేది. రంగు సంగతి తర్వాత.

ఆయన పెట్టిన పట్టింపు ఒకటుండేది. ఇసుకని వేలితో సర్దకూడదు, ఊదకూడదు, పలక దగ్గర గట్టిగా ఊపిరి కూడా పీల్చకూడదు. శబ్దం ఏది గీస్తే అదే బొమ్మ. మొదట్లో నాకు చిర్రెత్తుకొచ్చేది, బొమ్మలు వేసేదాని చేతులు కట్టేసి వెయ్యమన్నట్టుండేది. కొన్నాళ్ళకి నాకూ ఆ పిచ్చి పట్టింది. గాలి తగలకుండా షెడ్డు తలుపులు బిగించి, సందుల్లో గోనెపట్టాలు కుక్కి, ఇద్దరం చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ పలక చుట్టూ దొంగల్లా తిరిగేవాళ్ళం.

"బావా, పొట్టోడి గురకకి కూడా బొమ్మ పడుతుందా?" అని అడిగేవాడు తమ్ముడు, భోజనాల దగ్గర.

"పడుతుంది. కాకపోతే పలక పగులుతుంది."

"మా ఆవిడ గురక ముందు నాదెంత సార్" అనేవాడు పొట్టోడు వినయంగా. "ఓసారి మైకు పట్టుకుని మా ఇంటికి రండి, యార్డు దాకా పోనక్కర్లేదు."

అలా ఉండేది మా ఇల్లు.

యార్డులో ఓడ నుంచి పెద్ద ముక్క పడెయ్యడానికి ఒక పద్ధతి ఉంది. చుట్టూ కోసుకుంటూ వచ్చి, చివర రెండు చోట్ల మాత్రం కొయ్యకుండా వదిలేస్తారు. వాటిని చెవులు అంటారు. అప్పుడు గేటు పక్కన స్తంభాల మీదున్న గదిలోంచి సైరన్ మోగుతుంది. అది విన్న ప్రతివాడూ చేతిలో ఉన్నది అక్కడే పారేసి హద్దుగా పాతిన ఎర్ర గుంజల అవతలికి పరిగెత్తాలి. అందరూ పోయాక పైనున్నవాళ్ళు చెవులు కోస్తారు. ముక్క పడేదాకా సైరన్ ఆగదు. దాన్ని మోగించే ముసలాయన్ని అందరూ కూత తాత అనేవాళ్ళు. దాని పక్కనే కూర్చుని కూర్చుని ఆయనకే చెవుడొచ్చింది. టీ ఇస్తే "చక్కెర చాలమ్మా" అని కూడా అరిచి చెప్పేవాడు.

ఆ ఏడు ఒక పెద్ద ఆర్ట్ గ్యాలరీ వాళ్ళు వచ్చి మా బొమ్మలు చూశారు. వానాకాలం మొదట్లో ప్రదర్శన పెడదామన్నారు. "కానీ ఇవన్నీ చిన్న చిన్న చప్పుళ్ళు కదా. ఓడ కూలిపోతున్నట్టు అనిపించేది ఒక్కటి కావాలి" అంది వాళ్ళలో పెద్దావిడ. అప్పటి నుంచి మా ఆయనకి నిద్ర లేదు. పెద్ద ముక్క పడ్డప్పుడల్లా సైరన్ అడ్డం వచ్చేది. ముక్క నేలని తాకే ముందే ఆ కూతకి ఓడ ఇనుము కూడా అదిరి, ఇసుకంతా అంచులకి చేరి మందంగా ఒక చుట్ట చుట్టుకునేది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే చుట్ట. టేపులో విడదీద్దామన్నా ఆయన వల్ల కాలేదు.

"ఆ కూత ఒక్కటి లేకపోతే ఉందిరా బొమ్మ" అన్నాడు ఒకరోజు, అన్నం కలుపుతూ.

తమ్ముడు నవ్వడం ఆపేశాడు. "బావా, దాని జోలికి మాత్రం పోకు."

"ఎవడు పోతాడయ్యా, మాటవరసకి అన్నాను."

"మాటవరసకి కూడా వద్దు. అది వింటే మేం పరిగెత్తం బావా, మా కాళ్ళే పరిగెడతాయి. మొన్న పొట్టోడు ఇక్కడ కునుకు తీస్తూ కూత విని గోడకి గుద్దుకున్నాడు, చూశావుగా."

మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ మాట చెవిన వేసుకున్నాడనే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆయన మామూలు కంటే ముందే యంత్రాలన్నీ సిద్ధం చేశాడు. రికార్డరు తిరుగుతోంది. ఎండకి రేకులు కాలిపోతున్నాయి. నేను ఇసుక జల్లి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని నిలబడ్డాను. ఓడ డొక్కలో మంట గీసుకుంటూ పోతున్న సన్నని ఈల వినిపిస్తోంది. అది ఆగింది. తర్వాత ఇనుము మూలిగింది. ఆ మూలుగు సాగి సాగి తెగింది. అప్పుడు పలక మీది ఇసుక ఒక్కసారిగా మోకాలెత్తు లేచింది. లేచినదంతా గాల్లో ఒక క్షణం ఆగినట్టు నాకు గుర్తు.

మా ఆయన పిడికిలి బిగించి గాల్లో గుద్దాడు. నేను ఎగిరి గంతేశాను. ఆయన ఆ పడిన శబ్దాన్ని టేపు మీద వెనక్కి తిప్పి, మెల్లగా సాగదీసి పలకలోకి వదిలాడు. ఇసుక కదిలి గీతలు కట్టడం మొదలుపెట్టింది. ఇంకా కుదురుకోలేదని మళ్ళీ వాయించాడు. మళ్ళీ. పడటం, పడటం, మళ్ళీ పడటం. చుట్ట లేదు. మధ్యలోంచి చీలికలు చీలికలుగా గీతలు అంచుల దాకా పాకాయి, పగిలిన అద్దంలా, కానీ ఒక గీతని ఇంకొకటి ఎక్కడా తొక్కకుండా. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జిగురు కాగితం పరిచి అరచేత్తో అద్దుతున్నాను, గోనెపట్టా కుక్కిన తలుపుని ఎవరో గడ్డపారతో బాదుతుంటే షెడ్డు అదిరింది. హెడ్‌ఫోన్లు తీశాను.

బయట అందరూ అరుస్తున్నారు.

ముక్క ఏటవాలుగా పడింది. పొట్టోడు దాని కింద ఉన్నాడు, నడుం నుంచి పైకి ఏమీ కనిపించలేదు. తమ్ముడు ఒక పక్కకి దూకాడు, కానీ కుడికాలు రాలేదు. మోకాలి కింద ఇనప అంచు దిగిపోయి, బురద ఎర్రగా పొంగుతోంది. వాడు అరవట్లేదు. చేతిలో చుట్ట చుట్టిన గ్యాస్ గొట్టం అలాగే ఉంది, దాన్ని వదిలెయ్యమని ఎంత చెప్పినా వదలట్లేదు. క్రేను వచ్చేదాకా ఆగితే రక్తం పోయి చస్తాడని ఒకడు రంపం తెచ్చాడు. నేను వాడి తల నా ఒళ్ళో పెట్టుకుని, నా చున్నీ వాడి నోట్లో కుక్కాను. రంపం ఎముకకి తగిలినప్పుడు వాడి పళ్ళు గుడ్డలోంచి నా వేలిలో దిగాయి. మా ఆయన ఎర్ర గుంజ పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు.

"కూత రాలేదక్కా" అన్నాడు తమ్ముడు ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే. "గొట్టాలు చుట్టుకుంటున్నాం. కూత రాలేదు." తర్వాత పొట్టోడి గురించి అడిగాడు. నేను వాడి దుప్పటి సర్దాను. వాడే తెలుసుకుని గోడవైపు తిరిగాడు.

యార్డులో ఆ రోజు నుంచే పని ఆగిపోయింది. గేటు ముందు టెంటు వేసి సమ్మెకి కూర్చున్నారు. అందరికీ కావలసింది ఒక్కటే: సైరన్ ఎందుకు మోగలేదు? మేనేజరు గేటు లోపలి నుంచే మైకులో చెప్పాడు, ఆ పని చూసేది ముసలాడు, వాడు డ్యూటీలో నిద్రపోయాడు, వాణ్ణి తీసేశాం అని. కూత తాత మాత్రం తనకి మేనేజరే ఫోన్ చేశాడని, "ఈ ఒక్కసారికి వెయ్యకు" అన్నాడని, ఎందుకు సార్ అంటే చెప్పింది చెయ్యమన్నాడని కనిపించినవాడికల్లా అరిచి చెప్పాడు. చెవిటివాడు, ఫోన్‌లో ఏం విన్నాడో అన్నారు. తాగి పడుకున్నాడన్నారు. రెండోరోజే ఎవరో ఆయన గుడిసెకి నిప్పు పెట్టారు. ఆ తర్వాత ఆయన ఎక్కడ పడుకుంటున్నాడో ఎవరికీ తెలియదు.

తమ్ముడు కర్రల మీద ఇంటికి వచ్చాడు. వచ్చిన రోజే టెంటుకి పోయి కూర్చున్నాడు. పొట్టోడి పెళ్ళాం కూడా అక్కడే కూర్చునేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. వాడు ఆమె వైపు చూడలేకపోయేవాడు. ఇంటికొచ్చి నాతో అనేవాడు: "ఆ ముసలాడు నా చేతికి దొరకాలి. పోలీసులకి ముందు నాకు దొరకాలి." మజ్జిగ గ్లాసు ఇస్తే గోడకేసి కొట్టేవాడు. కట్టు మార్చుతుంటే లేని కాలి వేళ్ళు మండుతున్నాయని ఏడ్చేవాడు. మా ఆయన వాడి మంచం పక్కనే కూర్చుని, వాణ్ణి ఎత్తి బాత్‌రూముకి తీసుకుపోయి, ఒళ్ళు తుడిచి, చంటిపిల్లాడిలా చూసుకున్నాడు. "ఎందుకు బావా నీకు ఈ చాకిరీ" అనేవాడు తమ్ముడు, ఆయన మెడ చుట్టూ చెయ్యి వేసి. అది చూసి నాకు మొగుడి మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను.

గ్యాలరీ వాళ్ళు కబురు పెడుతూనే ఉన్నారు. ఇంట్లో ఉక్క, కట్ల వాసన భరించలేక ఒకరోజు షెడ్డు తాళం తీశాను. ఆ మధ్యాహ్నం అద్దిన కాగితం బల్ల మీద అలాగే ఎండిపోయి ఉంది. కిటికీ దగ్గరకి తెచ్చి పట్టుకున్నాను. మధ్యలోంచి అంచుల దాకా చీలికలు. అంత శుభ్రంగా ఏ బొమ్మా రాలేదు అంతకుముందు. ఎందుకు రాలేదో నాకు తెలుసు, అంచుల్లో చుట్ట ఉండేది. కూత మోగలేదు కాబట్టి చుట్ట లేదు. అంతవరకు అందరికీ తెలిసిందే. కానీ మా ఆయన ఆ రోజు మామూలు కంటే ముందే యంత్రాలు సిద్ధం చెయ్యడం గుర్తొచ్చింది.

ఆయన వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.

"ఆ రోజు కూత ఎందుకు రాలేదండీ?"

"ముక్క ముందే ఊడిపోయి ఉంటుంది."

"ముందే ఊడిపోయే ముక్క కోసం మీరు ముందే రికార్డరు ఎలా పెట్టారు?"

ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు, ఇంటికి వచ్చినట్టు.

"ఒక్కసారికే అడిగాను" అన్నాడు. "మనుషుల్ని ముందే పంపించేస్తాను, ఎర్రజెండా ఇచ్చి మనిషిని కిందికి పంపుతాను అన్నాడు మేనేజరు. జెండా పట్టినవాడు ఓడకి ఒక పక్కే తిరిగాడట, వాడూ పైన చెవులు కోసినవాళ్ళూ మేనేజరు మనుషులే, నోరు విప్పరు. నాకు తర్వాత తెలిసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీ తమ్ముడికి చెప్తావు. వాడు ఒప్పుకోడు."

"నేను ఒప్పుకుంటానా?"

"బొమ్మ చూసి ఎగిరి గంతేసింది నువ్వే" అన్నాడు.

చేతికి ఇసుక డబ్బా దొరికింది. విసిరేశాను. దాని అంచు తగిలి నుదురు చిట్లింది. చాలలేదు నాకు. మీద పడి మొహం మీద, మెడ మీద, ఎక్కడ దొరికితే అక్కడ కొట్టాను. ఆయన చేతులు అడ్డం పెట్టుకోలేదు. రక్తానికి ఇసుక అంటుకుని సగం మొహం గరుకుగా, ఎర్రగా అయిపోయింది.

"ఆ ముసలాయన గుడిసె తగలబెట్టారు, తెలుసా? దొరికితే చంపేస్తారు. రేపు పొద్దున మా తమ్ముడికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

పెళ్ళయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు.

"నేనే చెప్తాను" అన్నాడు. "టెంటు దగ్గరికి వెళ్ళి అందరి ముందూ చెప్తాను."

మర్నాడు పొద్దున నుదుటికి గుడ్డ కట్టుకుని వెళ్ళాడు కూడా. కానీ ఆయనకంటే ముందు మేనేజరు మనుషులు వెళ్ళారు. రెండు లారీల్లో వచ్చి, పైపులతో, గొలుసులతో టెంటు మీద పడ్డారు. గుంజలు విరిచి ఆ గుంజలతోనే కొట్టారు. కూలిపోయిన గుడ్డ కింద చిక్కుకున్నవాళ్ళని గుడ్డ మీంచే తొక్కారు. పొట్టోడి పెళ్ళాం లేవలేదు, లేవమని కూడా ఎవరూ అడగలేదు. పైపు దెబ్బకి ఆమె తల పగిలి, నోరు తెరిచి కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగింది. ఆమెని అలా చూశాక కార్మికులు ఆగలేదు. లారీ మనుషుల్లో ఒకణ్ణి లాక్కుపోయి గేటుకేసి బాది బాది చెయ్యి ఊడదీశారు. గేటు కూలింది. మేనేజరు వెనక దారిలో కారెక్కి పారిపోయాడు. మా ఆయన దారిలోనే ఇదంతా చూసి వెనక్కి తిరిగి షెడ్డుకి వచ్చాడు. వచ్చి తలుపు వేశాడు.

షెడ్డులో నేనూ ఉన్నాను, కూత తాతా ఉన్నాడు. తాత తెల్లారుతూనే నా దగ్గరికి వస్తే షెడ్డులో దాచాను, పలక కింద బల్ల చాటున ముడుచుకుని కూర్చున్నాడు. "అమ్మా, నీ తమ్ముడికి నువ్వు చెబితే వింటాడు. ఫోన్ వచ్చిందమ్మా. నిజంగా వచ్చింది" అని, గుసగుసలాడుతున్నాననుకుంటూ అరుస్తున్నాడు. ఆ అరుపే పట్టిచ్చింది.

తలుపు ఎలా పోయిందో తెలియదు. ఒక్కసారిగా షెడ్డు నిండిపోయింది. యాంప్లిఫయర్ని ఎత్తి నేలకేసి కొట్టారు. తాతని కాళ్ళు పట్టి లాగి బల్ల కింద నుంచి తీశారు. గొలుసుతో ఒక దెబ్బ వేస్తే ఆయన భుజం వేలాడిపోయింది. అందరికంటే ముందు మా తమ్ముడు ఉన్నాడు, చంకలో ఒక కర్ర, రెండో చేతిలో గ్యాస్ కట్టరు. వెనక ఎవడో సిలిండర్లు మోసుకొచ్చాడు. తమ్ముడు మంట వెలిగించి నీలంగా, సన్నగా చేశాడు, ఇనుము కోసేటప్పుడు చేసినట్టే.

"ఫోన్ వినపడిందన్నావుగా తాతా" అన్నాడు. "చెవిలో పెడతాను, చూద్దాం."

తాత జుట్టు కాలిన వాసన వచ్చింది. నేను మా ఆయన వైపు చూశాను. గోడకి ఆనుకుని ఉన్నాడు. నోరు తెరిచాడు. ఇప్పుడు చెప్తాడని చూశాను. "ఒరేయ్, పోలీసులకి అప్పగిద్దాం" అన్నాడు.

"వదలరా తాతని" అన్నాను నేను. "ఫోన్ వచ్చిన మాట నిజం. కూత ఆపమని మేనేజర్ని అడిగింది మీ బావ. మా బొమ్మ కోసం."

ఎవరూ నమ్మలేదనుకుంటాను మొదట. తమ్ముడు మంట పట్టుకునే మెడ తిప్పాడు. "బావా?" అన్నాడు, అన్నం తిన్నావా అని అడిగినట్టు.

"అందర్నీ పంపించెయ్యమన్నానురా" అన్నాడు మా ఆయన. "జెండా పెట్టమన్నాను. నీ మీద ఒట్టు."

తమ్ముడు చిటపటమంటున్న మంటని కాసేపు చూసి, గ్యాస్ కట్టేశాడు. టప్పుమని ఆరిపోయింది.

ఆ తర్వాత జనం ఆయన మీద పడ్డారు. జుట్టు పట్టుకుని షెడ్డులోంచి బయటికి, బురదలోంచి సగం విరిగిన ఓడ కిందకి ఈడ్చుకుపోయారు. బూట్లు, పైపులు, చేతికి దొరికిన ఇనప తునకలు. పక్కటెముకలు విరగడం వినిపించింది నాకు. నేను వాళ్ళ వీపుల మీద గుద్దాను, ఒకడి చెయ్యి కొరికాను, ఎవడిదో మోచెయ్యి తగిలి నా ముందు పన్ను ఊడింది. నిన్న కొట్టిన చేతులే, ఇవాళ అడ్డం పెట్టాను. నాకు ఆయన కావాలి, అంతే. "ఆపమని చెప్పరా! నువ్వు చెబితే ఆగుతారు!" అని తమ్ముడికి అరిచాను. వాడు బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని చూస్తున్నాడు. ఆపమనలేదు, కొట్టమనీ అనలేదు. ఒకడు పెద్ద ఇనప తునకని రెండు చేతులా తల మీదికెత్తాడు, మా ఆయన తల దగ్గర నిలబడి.

సైరన్ మోగింది.

సమ్మె మొదలయ్యాక అది మోగలేదు. ఎత్తినవాడు ఆ తునకని పక్కన పారేసి పరుగు తీశాడు. అందరూ పరిగెత్తారు. బూట్లూ పైపులూ ఎక్కడివక్కడ పడ్డాయి. ఎర్ర గుంజల అవతల ఆగి, రొప్పుతూ, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పడటానికి పైన ఏ ముక్కా లేదని వాళ్ళకీ తెలుసు. అయినా కూత ఆగలేదు, వాళ్ళెవరూ గీత దాటి వెనక్కి రాలేదు.

పోలీసులు వచ్చేదాకా కూత తాత మీట వదల్లేదు. ఊడిన భుజంతో ఆ సైరన్ గది మెట్లు ఎలా ఎక్కాడో నాకు అర్థం కాదు. తర్వాత ఎన్నోసార్లు అడిగాను, నీకు అంత చేసిన మా ఆయన కోసం ఎందుకు ఎక్కావు తాతా అని. "కింద మనిషున్నాడు కదమ్మా" అని అరిచేవాడు. "ఆ రోజు ఆపమంటే ఆపాను. బుద్ధొచ్చింది." మా ఆయన మీద ఆయనకి జాలి ఏమీ లేదు, కనిపిస్తే ఉమ్మేవాడు. మా ఆయన దవడ అతికాక విచారణలో అంతా ఒప్పుకున్నాడు. మేనేజరు దేన్నీ ఒప్పుకోలేదు, ఇంకో యార్డుకి మారాడు. పొట్టోడి పెళ్ళాం బతికింది, చూపు మాత్రం సగం పోయింది. బొమ్మని సాక్ష్యం కింద పోలీసులు పట్టుకుపోయారు. గ్యాలరీ వాళ్ళు దాన్ని విడిపించమని ఇప్పటికీ నాకు ఫోన్లు చేస్తారు, నేను తిట్టి పెట్టేస్తాను. ఇవన్నీ పేపర్లలో వచ్చినవే. రానిది ఒకటి ఉంది.

కూత మొదలవగానే తమ్ముడు కూడా లేచాడు. లేచి, లేని కాలితో అడుగు వేశాడు. బొక్కబోర్లా బురదలో పడ్డాడు. కర్ర ఎవరి కాళ్ళకి తగిలిందో ఎటో పోయింది. అందరూ గుంజల అవతల ఉన్నారు, ఇవతల మేం ముగ్గురమే మిగిలాం. వాడు మోచేతుల మీద పాకుతూ మా దగ్గరికి వచ్చాడు. ఎందుకు వస్తున్నాడో తెలియక నేను ఆయన తలని నా కడుపుకి అదుముకుని ఒంగిపోయాను. వాడు నా చెయ్యి తప్పించి, ఆయన ముక్కు కింద అరచేతి వెనక పక్క పెట్టి చూశాడు. మంటలు పట్టి పట్టి మొద్దుబారిన చెయ్యి అది, తెలియలేదేమో, చెంప పెట్టి చూశాడు. ఆయన కళ్ళలోంచి నీళ్ళూ రక్తమూ వాడి చెంపకి అంటుకున్నాయి.

తర్వాత నా చెవి దగ్గరికి వంగి, కూత మీంచి వినపడేలా అరిచాడు.

"బతికే ఉన్నాడక్కా. మీ ఆయన్ని తీసుకుపో."

మా పెళ్ళయినప్పటి నుంచి ఆయన గురించి వాడి నోట బావ అన్న మాట తప్ప ఇంకోటి రాలేదు. నిద్రలో కూడా బావా అనే పిలిచేవాడు, నొప్పికి మూలిగినప్పుడు కూడా. నేను ఆయన చంకల కింద చేతులు వేసి బురదలో లాగడం మొదలుపెట్టాను. బరువుకి రెండుసార్లు కూలబడ్డాను. వాడు అక్కడే కూర్చుని ఓడ వైపు చూస్తున్నాడు. సాయం పట్టలేదు.